మలేరియా మోసే దోమను గుర్తుపట్టడం, వందలో ఎన్నింటికి సోకిందో తేల్చడం ఎలా

దోమలు ఎక్కువగా ఉన్నాయి కాబట్టే మలేరియా ఎక్కువగా ఉంది అనే మాట తరచూ వింటుంటాం. చాలాసార్లు అది తప్పు. రాత్రంతా చెవి దగ్గర రొద పెట్టే దోమల్లో మలేరియాతో ఏ సంబంధమూ లేనివే ఎక్కువ ఉండొచ్చు, అసలు మోసేదేమో గంటసేపు టార్చి పట్టుకుని గోడలన్నీ వెతికితే నాలుగైదు మాత్రమే దొరికే రకం కావచ్చు. అందుకే దోమల్ని లెక్కపెట్టడంతో ఆగిపోకుండా ఏ దోమ, ఎన్నింటిని పరీక్షిస్తే ఎన్నింటిలో పరాన్నజీవి దొరికింది అనే రెండు సంగతులు తేల్చాలి. మలేరియా ఉన్న ప్రాంతంలో కొత్తగా ఈ పని మొదలుపెట్టేవాళ్ల కోసం, విద్యార్థులైనా ఆరోగ్య సిబ్బంది అయినా, మొదటి నుంచి చివరి దాకా పని ఎలా చేయాలో రాస్తున్నాను.

జాతిని సరిగ్గా పట్టుకోవడం ఎంత ముఖ్యమో చెప్పడానికి మలేరియాను మోసేది దోమేనని తేల్చిన డాక్టర్ రొనాల్డ్ రాస్ అనుభవం చాలు. 1895 నుంచి ఆయన వందల దోమల్ని కోసి చూశాడు, ఏమీ దొరకలేదు, ఎందుకంటే ఆయన కోసినవి మనిషి మలేరియాను మోయని రకాలు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో చుక్కల రెక్కలున్న వేరే రకం దోమను కోసినప్పుడు దాని కడుపు గోడ మీద నల్లటి రంగు గింజలున్న బుడగలు కనిపించాయి. రెండేళ్ల కష్టానికీ ఆ రోజుకీ మధ్య ఉన్న తేడా దోమ రకం ఒక్కటే. ప్రపంచంలో ఎనాఫిలిస్ (మనిషి మలేరియాను మోసే దోమలుండే వర్గం) జాతులు 450కి పైనే ఉన్నాయి, వాటిలో మనిషి మలేరియాను మోయగలిగినవి 70 దాకా, నిజంగా ముప్పు తెచ్చిపెట్టేవి 40 దాకా. అంటే ఎనాఫిలిస్ అని తేలినంత మాత్రాన పని సగం కూడా అయినట్టు కాదు.

ముందు మీ జాగ్రత్త

మలేరియా ఉన్న చోట రాత్రీ తెల్లవారుజామునా తిరిగే పని ఇది. పొడుగు చేతుల చొక్కా, ఒంటికి దోమల మందు, పడుకునేటప్పుడు దోమతెర తప్పనిసరి. ముందుజాగ్రత్త మాత్రలు వాడాలా వద్దా అనేది డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి. ఫీల్డు నుంచి వచ్చాక జ్వరం వస్తే అలసటలే అనుకోకుండా ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి. కాళ్లు బయటపెట్టి కూర్చుని వాలిన దోమను వాలినట్టే పట్టే పాత పద్ధతి ఒకటుంది, మనిషిని ఎన్ని కుడుతున్నాయో నేరుగా తెలిసేది దాంతోనే, కానీ నైతిక అనుమతి, మందుల రక్షణ, అనుభవమున్న వాళ్ల పర్యవేక్షణ లేకుండా అది చేయకూడదు. కొత్తవాళ్లు దాని జోలికి వెళ్లొద్దని నా గట్టి సలహా.

ఎవరి ఇంట్లోకి వెళ్లినా ముందు రోజే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. తెల్లవారకముందే తలుపు కొట్టి టార్చి వేస్తే ఎవరికైనా టెన్షనే. ఎందుకు వచ్చారో, ఏం పట్టుకెళ్తారో, దొరికిన సంగతి మళ్లీ వచ్చి చెబుతారో లేదో వాళ్లకి అర్థమయ్యేలా చెప్పండి, తర్వాత నిజంగానే వెళ్లి చెప్పండి.

దోమల్ని పట్టడం

చాలా ఎనాఫిలిస్ జాతులు రాత్రి రక్తం తాగి, అది అరిగే దాకా చీకటిగా, చల్లగా, గాలి తగలని చోట కూర్చుంటాయి. కాబట్టి తెల్లవారాక 6 నుంచి 8 గంటల మధ్య ఇళ్లలో, పశువుల కొట్టాల్లో వెతకడం తేలిక. కావాల్సినవి టార్చి, దోమను లోపలికి పీల్చే గొట్టం అంటే ఆస్పిరేటర్, వల మూత ఉన్న కప్పులు, పెన్సిలు, నోటుబుక్కు. వేలాడదీసిన బట్టల వెనక, మంచం కింద, గోడ కింది భాగంలో, పైకప్పు లోపలి వైపున, మూలన పేర్చిన సామాన్ల మధ్య చూడండి. టార్చి వెలుగు నేరుగా దోమ మీద కొట్టకుండా పక్కగా వేస్తే అది కదలకుండా ఉంటుంది, గొట్టం మూతిని మెల్లగా దాని మీదకి తెచ్చి ఒక్క చిన్న పీల్పుతో లోపలికి లాగాలి. నోటితో పీల్చే గొట్టమైతే మధ్యలో సన్నటి వల గుడ్డ, వీలైతే ఫిల్టరు ఉండాలి, లేకపోతే దోమల పొలుసులు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బ్యాటరీతో నడిచే గొట్టం దొరికితే అదే వాడండి.

ప్రతి ఇంట్లోనూ ఒకే కొలతలో వెతకాలి, పది నిమిషాలు అనుకుంటే అన్నిచోట్లా పది నిమిషాలే. ఒక చోట దోమలు ఎక్కువ దొరుకుతున్నాయని అరగంట ఉండిపోతే ఆ లెక్క ఇంకో ఇంటితో పోల్చడానికి పనికిరాదు. దొరికిన దోమల సంఖ్యను, వెతికిన మనుషులు గుణించు గంటలతో భాగిస్తే ఒక మనిషి ఒక గంటలో పట్టిన దోమల సాంద్రత వస్తుంది. ఇద్దరు మూడు గంటలు వెతికితే 42 దొరికాయనుకుంటే, 42ని 6తో భాగిస్తే 7.

ఇంకో పద్ధతి తెల్ల దుప్పట్లు పరిచి మందు కొట్టడం. తిండి పదార్థాలూ నీళ్లూ మూతపెట్టి, పిల్లలతో సహా అందరినీ, పెంపుడు జంతువుల్నీ బయటికి పంపి, నేలంతా, మంచాల మీదా తెల్ల దుప్పట్లు పరవాలి. కిటికీలూ తలుపులూ మూసి పైరెత్రం మందు కొట్టి, పది నిమిషాలు ఆగి, దుప్పట్లను అంచుల నుంచి మధ్యకి మడుస్తూ బయటికి తెచ్చి వెలుతురులో దోమల్ని పట్టకారుతో ఏరుకోవాలి. చీమలు చేరకముందే ఏరేయండి, ఆలస్యమైతే సగం వాటికే పోతాయి. ఆ గదిలో ముందు రాత్రి ఎంతమంది పడుకున్నారో తప్పకుండా రాసుకోండి, చివరి లెక్కకి ఆ సంఖ్య కావాలి.

వెలుగుతో దోమల్ని లాగి పట్టే లైట్ ట్రాప్‌ను దోమతెరలో పడుకున్న మనిషి పక్కన, నేల నుంచి దాదాపు మీటరున్నర ఎత్తులో వేలాడదీసి, సాయంత్రం 6 నుంచి ఉదయం 6 దాకా నడపండి. బయట విశ్రాంతి తీసుకునే జాతులు మాత్రం ఇంట్లో వెతికితే దొరకవు, వాటికోసం చెట్ల మొదళ్లు, పొదలు, మట్టికట్టల కింది గుంతలు చూడాలి, లేదా నీడలో గుంత తవ్వి ఆ గోడల్లో చిన్న బొరియలు చేసి మర్నాడు ఉదయం వెతకాలి. ఒక్క పద్ధతిని నమ్ముకుంటే ఆ పద్ధతికి దొరికే దోమలే మీ ఊళ్లో ఉన్నాయని పొరబడతారు. నేను చూసిన తప్పుల్లో ఇదే ఎక్కువ.

చీటీ, ఎండబెట్టడం

పట్టిన దోమకు చీటీ లేకపోతే అది ఎందుకూ పనికిరాదు. తేదీ, గ్రామం, ఇంటి సంఖ్య, పద్ధతి, సమయం, పట్టినవాళ్ల గుర్తు, ఇవన్నీ పెన్సిలుతో రాసి దోమతో పాటే గొట్టంలో పెట్టండి, పెన్ను రాత స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది. ఇంటి యజమాని పేరు చీటీ మీద వద్దు, సంఖ్య చాలు.

లాలాజల గ్రంథులు కోసి చూడాలనుకుంటే దోమలు బతికుండాలి, తడి గుడ్డ కప్పిన కప్పుల్లో చల్లగా తీసుకెళ్లి ఆ రోజే కోయాలి. ల్యాబుకి పంపాలనుకుంటే ఫ్రిజ్‌లోని ఫ్రీజర్‌లో కాసేపు ఉంచి లేదా క్లోరోఫామ్ ఆవిరితో చంపి, ఒక్కో దోమను ఒక్కో చిన్న గొట్టంలో, అడుగున తేమ పీల్చే సిలికా జెల్ గింజలు, వాటి మీద కొంచెం దూది, దూది మీద దోమ పెట్టి మూత బిగించాలి. దూదిని గట్టిగా కుక్కితే కాళ్లు విరిగిపోతాయి, కాళ్లు పోతే జాతి గుర్తు పోయినట్టే. ఒక వానాకాలంలో సిలికా జెల్ రంగు మారిందని తెలిసీ రేపు మారుద్దాంలే అని వదిలేశాను, వారం తర్వాత మూత తీస్తే దోమల మీద తెల్లటి బూజు. పొలుసులు రాలిపోయాయి, రెక్కల మీద చుక్కలు కనిపించవు, ఏ ఇంట్లో ఏ రకం ఉందో చెప్పలేకపోయాను. తెల్లవారుజామున నిద్ర లేచి తలుపులు తీసిన ఆ ఇళ్లవాళ్లకి ఏం చెప్పాలో తెలియక చాలా బాధపడ్డాను. ఇప్పుడు గింజల రంగు మారిన రోజే మార్చేస్తాను.

ఎనాఫిలిస్ అవునా కాదా

బతికున్న దోమ గోడ మీద కూర్చున్నప్పుడు చూడండి. ఎనాఫిలిస్ తల కిందికి, తోక పైకి, దాదాపు 45 డిగ్రీల వాలులో, గోడకి మేకు గుచ్చినట్టు ఉంటుంది. క్యూలెక్స్, ఏడిస్ దోమలు గోడకి సమాంతరంగా, గూని వీపుతో కూర్చుంటాయి. అయితే ఈ ఒక్క గుర్తునే నమ్ముకోకండి: దక్షిణాసియా పల్లెల్లో మలేరియాకి ముఖ్య కారణమైన ఎనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ క్యూలెక్స్‌లాగే దాదాపు సమాంతరంగా కూర్చుంటుంది. వాలు చూసి వదిలేస్తే ముఖ్యమైన దోమనే వదిలేసినట్టు.

కాబట్టి భూతద్దం కింద తల చూడాలి. ముందు మీసాలు: కుంచెలా గుబురుగా ఉంటే మగది, పక్కన పెట్టేయండి, మగదోమ కుట్టదు, మలేరియా మోయదు. మీసాల వెంట్రుకలు పల్చగా ఉంటే ఆడది. తర్వాత తొండం, దానికి రెండు పక్కలా ఉండే సన్నటి అవయవాలు, వాటిని ఫీల్డులో పాల్పులు అంటాం. ఆడ ఎనాఫిలిస్‌కి పాల్పులు తొండమంత పొడుగుంటాయి, చూడగానే మూడు తొండాలున్నట్టు అనిపిస్తుంది. ఆడ క్యూలెక్స్‌కీ ఆడ ఏడిస్‌కీ తొండం మొదట్లో చిన్న మొలకల్లాగా ఉంటాయి, అంతే. ఎనాఫిలిస్‌ని పట్టించే గుర్తుల్లో నేను ఎక్కువగా నమ్మేది ఇదే. రెక్కల ముందు అంచు మీద నలుపు తెలుపు పొలుసుల మచ్చలు చాలా జాతులకి ఉంటాయి కానీ అన్నిటికీ ఉండవు. అనుమానముంటే వీపు చివరి చిన్న పలక చూడండి, ఎనాఫిలిస్‌కి అంచు గుండ్రంగా ఉంటుంది, మిగతావాటికి మూడు తమ్మెలుగా విడిపోయి ఉంటుంది.

నీళ్లలో పిల్లల్ని చూసినా తెలుస్తుంది. ఎనాఫిలిస్ లార్వాకి ఊపిరి గొట్టం ఉండదు కాబట్టి నీటి పైపొరకి ఆనుకుని అడ్డంగా పడుకుంటుంది, క్యూలెక్స్, ఏడిస్ లార్వాలు తోక దగ్గరి గొట్టం పైకి పెట్టి తలకిందులుగా వేలాడతాయి. గుడ్లైతే ఎనాఫిలిస్ ఒక్కొక్కటిగా, రెండు పక్కలా తేలే తిత్తులతో నీటి మీద పెడుతుంది, క్యూలెక్స్ తెప్పలా గుత్తిగా పెడుతుంది. తెల్ల గరిటెతో నీళ్లు ముంచి, ఒక నిమిషం నిశ్చలంగా పట్టుకుని చూస్తే ఈ తేడా కళ్లకి కనిపిస్తుంది.

ఏ జాతి

ఇక్కడ తొందరపడకండి. మీ ప్రాంతం కోసం తయారైన గుర్తింపు పట్టిక, అంటే కీ, మాత్రమే వాడండి. వేరే ఖండం కీ పట్టుకుంటే ఏదో ఒక పేరు దగ్గరికి అది చేరుస్తుంది, కానీ ఆ దోమ మీ దగ్గర ఉండనే ఉండదు. పాల్పుల మీద తెల్ల పట్టీలు ఎన్ని, వాటి మధ్య నల్ల భాగం ఎంత వెడల్పు, కాళ్ల మీద చుక్కలున్నాయా, వెనక కాళ్ల చివర తెలుపుందా, రెక్క ముందు అంచున మచ్చలు ఎక్కడెక్కడ, ఇలా ఒక్కో ప్రశ్నకి జవాబు చెప్పుకుంటూ వెళ్లాలి. ఉదాహరణకి ఎనాఫిలిస్ స్టీఫెన్సీ, ఎనాఫిలిస్ సబ్‌పిక్టస్ పైపైన చూస్తే ఒకేలా ఉంటాయి. స్టీఫెన్సీ పాల్పుల మీదా కాళ్ల మీదా పిండి చల్లినట్టు తెల్ల చుక్కలుంటాయి, సబ్‌పిక్టస్‌కి ఆ చుక్కలుండవు. మొదటిది నగరాల మలేరియాకి ముఖ్య కారణం, ట్యాంకుల్లో, డ్రమ్ముల్లో పెరుగుతుంది, 2012లో జిబౌటీలో కనిపించింది మొదలు ఆఫ్రికాలోకి కూడా పాకుతోంది. రెండోది ఎక్కువచోట్ల పశువుల మీద బతికేది. రెంటినీ కలిపేస్తే సోకిన శాతం పలచబడి, అసలు ప్రమాదం కనిపించకుండా పోతుంది.

ఎక్కడ పెరుగుతుందో తెలిస్తే అది కూడా ఒక ఆధారం: క్యూలిసిఫేసిస్ కాలువలు, పొలాల గుంటల్లోని తేటనీళ్లలో, ఫ్లూవియాటిలిస్ కొండ ప్రాంతాల్లో మెల్లగా పారే వాగుల అంచుల్లో, సుండైకస్ తీరంలోని ఉప్పునీటి మడుగుల్లో. కానీ చోటు చూసి పేరు పెట్టేయకండి, అది అనుమానాన్ని బలపరచడానికే.

కంటితో ఎంత చూసినా తేలని చిక్కు ఒకటుంది. కొన్ని పేర్ల కింద నిజానికి కవలల్లాంటి జాతుల గుంపు ఉంటుంది. క్యూలిసిఫేసిస్‌లో ఎ, బి, సి, డి, ఇ అని ఐదున్నాయి, బి చాలాచోట్ల మలేరియాను సరిగ్గా మోయలేదు. ఫ్లూవియాటిలిస్‌లో ఎస్, టి, యు ఉన్నాయి, మనుషుల రక్తం కోరేది ఎస్, మిగతా రెండూ పశువుల వైపే. ఆఫ్రికాలో గాంబియే గుంపులోనూ అంతే, గాంబియే, కొలూజ్జీ, అరబియెన్సిస్ గట్టిగా మోసేవి, క్వాడ్రియాన్యులేటస్ దాదాపు మోయదు. ఇవి మైక్రోస్కోపు కింద ఒకేలా కనిపిస్తాయి, డీఎన్ఏ పరీక్షతోనే విడతాయి. ఒక కాలు చాలు ఈ పరీక్షకి, కాబట్టి ప్రతి దోమ కాళ్లు విడిగా దాచండి. ల్యాబు అందుబాటులో లేకపోతే రిపోర్టులో జాతి పేరు కాకుండా ఫలానా గుంపు అని నిజాయితీగా రాయండి.

కడుపు చూసి విడదీయడం

జాతి తేలాక ఆడదోమల కడుపు చూడండి. ఖాళీగా సన్నగా ఉందా, ఎర్రగా రక్తంతో నిండి ఉందా, సగం నలుపు సగం తెలుపా, మొత్తం తెల్లగా గుడ్లతో నిండిందా. ఈ నాలుగు దశల్ని విడివిడిగా రాసుకోండి. రక్తం తాగిన వాటి కడుపును వడపోత కాగితం మీద నలిపి, ఆరబెట్టి పంపితే అది మనిషి రక్తమా పశువు రక్తమా ల్యాబులో చెబుతారు. మనిషి రక్తం తాగినవి నూటికి ఎన్ని అనేది తర్వాత చాలా అవసరం.

పరాన్నజీవి ఉందా లేదా

మూడు దారులున్నాయి. మైక్రోస్కోపు కింద కోసి చూడటం, ఎలైసా (పరాన్నజీవి ప్రోటీన్‌ను పట్టే పరీక్ష), పీసీఆర్ (దాని డీఎన్ఏను పట్టే పరీక్ష). డబ్బూ ల్యాబూ ఉన్నవాళ్లు కూడా మొదటిది నేర్చుకోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే దోమ లోపల జరుగుతున్నదేమిటో కళ్లతో చూసిన మనిషి తర్వాత ఏ అంకెనీ గుడ్డిగా నమ్మడు.

దోమను క్లోరోఫామ్‌తో మత్తుగా చేసి, కాళ్లూ రెక్కలూ తీసేసి, స్లైడు మీద ఒక చుక్క సెలైన్ పక్కన పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఎడమ చేతిలోని సూదిని ఛాతీ మీద మెత్తగా ఆనించి నొక్కండి, కుడి చేతి సూదితో తలను చాలా నెమ్మదిగా, జుట్టు చిక్కు తీస్తున్నంత ఓపికగా ముందుకి లాగండి. ఊపిరి బిగబట్టి చేసే పని అది. అదృష్టం బావుంటే తలతో పాటు గాజు దారాల్లా మెరిసే లాలాజల గ్రంథులు జారి వస్తాయి, రెండు పక్కలా ఒక్కో గ్రంథి, ఒక్కోదానికి మూడు తమ్మెలు. తల తీసేసి కవర్ స్లిప్ వేసి, మెల్లగా నొక్కి గ్రంథులు పగిలేలా చేసి, 400 రెట్లు పెద్దదిగా చూడండి. స్పోరోజోయిట్లు, అంటే కుట్టినప్పుడు మనిషిలోకి వెళ్లే దశలోని పరాన్నజీవులు, ఉంటే సన్నటి కొడవళ్లలాగా, దారపు ముక్కల్లాగా, వందల కొద్దీ కదులుతూ బయటికి వస్తాయి. మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది: ఆ ఇంట్లో ఈ రాత్రి ఎవరినో ఒకరిని కుట్టబోయేది ఇదే కదా అనిపిస్తుంది.

కడుపు కోసం అయితే తోక వైపు చివరి ఖండాల దగ్గర చిన్న గాటు పెట్టి లాగితే కడుపు సంచి వస్తుంది. పల్చటి మెర్క్యురోక్రోమ్ రంగు వేస్తే గోడ మీది ఊసిస్టులు, అంటే లోపల పరాన్నజీవి పెరిగే తిత్తులు, గుండ్రటి బుడగల్లా తెలుస్తాయి. కానీ ఊసిస్టు ఉన్న దోమ సోకినదే తప్ప ఇంకా అంటించే దశకి రాలేదు, గ్రంథుల్లో స్పోరోజోయిట్లు ఉన్నదే అంటించగలిగేది. ఈ రెండింటినీ ఒకే గడిలో రాయకండి. ఇంకో పరిమితి: కళ్లతో చూసినప్పుడు అది మనిషి మలేరియా పరాన్నజీవుల్లో ఫాల్సిపారమో వైవాక్సో, లేక ఏదైనా జంతువు మలేరియా పరాన్నజీవో చెప్పలేం.

ఎలైసాలో స్పోరోజోయిట్ పైపొర ప్రోటీన్‌ను పట్టుకుంటారు. ఫాల్సిపారంకి ఒకటి, వైవాక్స్‌కి 210, 247 అనే రెండు రకాలు, మొత్తం మూడు విడి పరీక్షలు. ఎండిన దోమ చాలు, వందల కొద్దీ ఒకేసారి చేయొచ్చు. పరీక్ష ఏదైనా, ముందు దోమను ఛాతీకీ కడుపుకీ మధ్య కోసి తల, ఛాతీ భాగాన్ని మాత్రమే పరీక్షకి పెట్టాలి. కడుపు కలిసిపోతే నిన్న రాత్రి జ్వరం మనిషి నుంచి తాగిన రక్తంలోని పరాన్నజీవి కూడా పీసీఆర్‌లో పాజిటివ్ అంటుంది, దోమకు సోకిందో లేదో ఎప్పటికీ తెలియదు. ప్రతి దోమకీ బ్లేడు తుడవండి, కాల్చండి లేదా మార్చండి.

ఎలైసాలో ఒక మోసం ఉంది, పశువుల రక్తం ఎక్కువగా తాగే జాతుల్లో అది మరీ ఎక్కువ: పరాన్నజీవి లేకుండానే పాజిటివ్ రావచ్చు. దానికి మందు సులువు. పాజిటివ్ వచ్చిన ద్రావణాన్ని 100 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు వేడి చేసి మళ్లీ పరీక్షించండి. అసలు ప్రోటీన్ ఆ వేడికి తట్టుకుంటుంది, తప్పుడు సంకేతం పోతుంది. వీలైతే మిగిలినవాటిని పీసీఆర్‌తో కూడా సరిచూడండి. ప్రతి ప్లేటులో ల్యాబులో పెంచిన, రక్తం తాగని ఆడదోమల్ని నెగటివ్ కంట్రోల్‌గా, అంటే పరాన్నజీవి లేదని ముందే తెలిసిన పోలికగా, పెట్టండి, కంట్రోల్ లేని ప్లేటు ఫలితాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

లెక్క కట్టడం

సోకిన శాతం అంటే పాజిటివ్ దోమల్ని పరీక్షించిన దోమలతో భాగించి వందతో గుణించడమే. 500 క్యూలిసిఫేసిస్ పరీక్షిస్తే 3 పాజిటివ్ అనుకుందాం, 0.6 శాతం. పట్టినవి 1,400 అయినా సరే, భాగించాల్సింది పరీక్షించిన 500తోనే. ఒక్కో జాతికీ ఒక్కో నెలకీ విడిగా కట్టండి. ఆ 0.6 పక్కన దాని హద్దులు కూడా రాయాలి, ఎందుకంటే 500లో 3 అంటే అసలు శాతం దాదాపు 0.1 నుంచి 1.7 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. పోయిన ఏడు 0.6, ఈ ఏడు 0.4 కాబట్టి తగ్గింది అని సంబరపడే ముందు ఈ హద్దులు చూడండి.

సున్నా వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త. 100 దోమల్లో ఒక్కటీ పాజిటివ్ కాలేదంటే శాతం సున్నా అని కాదు, 3 శాతం దాకా ఉండే అవకాశం ఉందన్నమాట. 3ని పరీక్షించిన సంఖ్యతో భాగిస్తే ఆ పై హద్దు దాదాపుగా వస్తుంది, 300 చూస్తే 1 శాతం. ఆసియాలో చాలా జాతుల్లో సోకినవి వందకి ఒకటి కూడా ఉండవు కాబట్టి 50 దోమలు పరీక్షించి ఈ జాతి మోయదు అని రాయడం పెద్ద తప్పు.

ఖర్చు తగ్గించడానికి పదేసి దోమల్ని కలిపి ఒక గుంపుగా పరీక్షిస్తారు. అప్పుడు పాజిటివ్ వచ్చిన గుంపులో ఒకటే సోకిందో మూడు సోకాయో తెలియదు. 40 గుంపుల్లో 4 పాజిటివ్ అయితే, గుంపుకి ఒక్కటే అనుకుంటే 400కి 4, అంటే 1 శాతం. సరైన లెక్క ఇలా: నెగటివ్ గుంపుల వాటా 0.9, దానికి పదో మూలం తీసి ఒకటిలోంచి తీసేస్తే 1.05 శాతం. తేడా చిన్నదే. కానీ 20 గుంపులు పాజిటివ్ అయితే మొదటి పద్ధతి 5 శాతం అంటుంది, రెండోది 6.7. సోకినవి ఎక్కువ ఉంటాయని అనుమానమున్న చోట చిన్న గుంపులు చేయండి, జాతుల్ని మాత్రం ఎప్పుడూ కలపకండి.

మనిషికి ఎన్ని ప్రమాదకరమైన కాట్లు

శాతం ఒక్కటే ఉంటే ఎవరికీ ఉపయోగం లేదు. దాన్ని ఒక మనిషిని ఒక రాత్రి కుట్టే దోమల సంఖ్యతో గుణిస్తేనే అర్థం వస్తుంది. లెక్క కోసం ఇలా అనుకుందాం: దుప్పట్లు పరిచిన 20 గదుల్లో రక్తం తాగిన క్యూలిసిఫేసిస్ 150 దొరికాయి, ముందు రాత్రి అక్కడ 50 మంది పడుకున్నారు, అంటే మనిషికి 3. ల్యాబులో చూస్తే వాటిలో మనిషి రక్తం తాగినవి వందకి 40, అంటే 1.2. దాన్ని 0.006తో గుణిస్తే రాత్రికి 0.0072, దాదాపు 139 రోజులకి ఒక్క ప్రమాదకరమైన కాటు. పక్కనే ఇంకో జాతి రాత్రికి 40 కుట్టినా సోకినది ఒక్కటీ లేకపోవచ్చు. జనం మొరపెట్టుకునేది ఆ 40 గురించే, మీరు వెతకాల్సింది ఈ ఒక్క దాని కోసం. ఇది కూడా నెలవారీగా కట్టండి, ఎండాకాలం అంకెతో వానాకాలాన్ని అంచనా వేయకండి.

దోమ వయసు కూడా చూడగలిగితే చాలా సంగతులు తెలుస్తాయి. అండాశయాన్ని నీటి చుక్కలో ఆరనిచ్చి చూస్తే, ఒక్కసారీ గుడ్లు పెట్టని దోమలో గాలి గొట్టాలు చుట్టలు చుట్టుకుని ఉంటాయి, పెట్టిన దానిలో సాగిపోయి ఉంటాయి. గుడ్లు పెట్టినవి 60 శాతం, రెండు కాన్పుల మధ్య 3 రోజులు అనుకుంటే, 0.6కి ఘనమూలం 0.84, అంటే రోజుకి వందలో 84 బతుకుతున్నాయి. ఫాల్సిపారం దోమలో ఎదగడానికి పట్టే రోజులకి పాత సూత్రం ఒకటుంది, సగటు ఉష్ణోగ్రతలోంచి 16 తీసేసి దానితో 111ని భాగించడం. 26 డిగ్రీల దగ్గర 11 రోజులు, 20 డిగ్రీల దగ్గర 28 రోజులు. రోజుకి 84 శాతం బతికే దోమల్లో 11 రోజులు దాటేవి వందకి 15 దాకా, 28 రోజులు దాటేది ఒకటి కూడా ఉండదు. అందుకే నాలుగైదు డిగ్రీల తేడాకే మలేరియా పెరగడం, తగ్గడం చూస్తాం, గోడల మందు వల్ల దోమల సంఖ్య పెద్దగా తగ్గకపోయినా ముసలి దోమలు తగ్గితే వ్యాప్తి పడిపోతుంది.

రిపోర్టు రాసేటప్పుడు జాతి, పద్ధతి, నెల, పట్టినవి, పరీక్షించినవి, పాజిటివ్, హద్దులు, మనిషి రక్తం వాటా, రాత్రికి కాట్లు, గుడ్లు పెట్టినవాటి వాటా, ఇన్ని గడులు పెట్టి నింపండి, తెలియని గడిని ఖాళీగా వదలండి, అంచనాతో నింపొద్దు. మిగిలిన సగం దోమ, అంటే విడిగా దాచిన కాళ్లూ కడుపూ, అదే సంఖ్య చీటీతో ఫ్రీజర్‌లో ఉంచండి, ఎవరైనా ఈ ఫలితం నిజమేనా అని అడిగినప్పుడు మళ్లీ పరీక్షించడానికి మిగిలేది అదే. వచ్చే నెల అదే తేదీల్లో, అవే ఇళ్లకి, అంతే సేపు వెతకడానికి మళ్లీ వెళ్లండి, వెళ్లినప్పుడు పోయిన నెల ఏం దొరికిందో ముందు ఆ ఇంటివాళ్లకి చెప్పండి.